పదిహేనేళ్ల అబ్బాయికి వైరల్ లోడ్ పెరిగింది, మందు పనిచేయడం మానేసిందా?

పుత్తూరు దగ్గరి పల్లె నుంచి ఒకామె అడిగిన ప్రశ్న ఇది. అక్కా బావా పోయాక వాళ్ల అబ్బాయిని ఈమే పెంచుతున్నారు. అబ్బాయికి పుట్టుకతోనే హెచ్ఐవీ. ఐదో ఏట నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్ (హెచ్ఐవీకి మందులిచ్చే కేంద్రం) మందులు వాడుతున్నాడు. ఇప్పుడు వయసు 15, పదో తరగతి. నిరుడు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే పరీక్ష, 'కనబడలేదు' అని వచ్చింది. ఈసారి 14,000 వచ్చింది. రోజూ వేసుకుంటూనే ఉన్నానని వాడంటున్నాడు. మందు పనిచేయడం మానేసిందా, ఈ వయసు పిల్లలందరికీ ఇలాగే అవుతుందా, వేలూరు సీఎంసీ ఆసుపత్రికి తీసుకెళ్లాలా, వీడి భవిష్యత్తు ఏమిటి అని అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: "వాడికి జబ్బు పేరు ఇంకా చెప్పలేదు."

అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను. మందు పనిచేయడం మానేసి ఉండే అవకాశం తక్కువ. మాత్ర కడుపులోకి వెళ్లడం తగ్గి ఉండే అవకాశమే ఎక్కువ. ఇది సరిదిద్దుకోగలిగిన పరిస్థితి. వేలూరు పరుగెత్తాల్సిన అవసరం ఇప్పుడు లేదు. మీరు అన్నిటికంటే చివర రాసిన ఆ మాట ఉంది చూడండి, పేరు చెప్పలేదని, నా లెక్కలో అసలు పని అక్కడే ఉంది. ఎందుకో చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను డాక్టర్ని కాను. తిరుపతిలో ఏఆర్‌టీ కౌన్సిలర్‌గా పనిచేశాను, అందులోనూ ఎక్కువగా పిల్లలతో. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. పిల్లల కోసం ప్రత్యేకంగా మందులు 2006 చివర్లో వచ్చాయి. అంతకు ముందు పెద్దవాళ్ల మాత్రలే విరిచి ఇచ్చేవాళ్లు. అలా విరిచిన ముక్కలు మింగి పెరిగిన పిల్లలు కొందరు ఈ రోజు ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, వాళ్ల పిల్లల్ని బడికి పంపుతున్నారు. మందు మార్చాలా వద్దా అన్నది మీ సెంటర్ డాక్టరే చెప్పాలి. నేను రాసేది ఇలాంటి ఇళ్లను, ఇలాంటి పిల్లలను చూసిన అనుభవం.

14,000 అంటే ఏమిటి? ఒక మిల్లీలీటరు రక్తద్రవంలో వైరస్ కాపీలు అన్ని ఉన్నాయని. మన కార్యక్రమంలో 1,000 లోపు ఉంటే వైరస్ అదుపులో ఉన్నట్టు లెక్క. ఒక్కోసారి జ్వరమో ఇంకేదో ఇన్‌ఫెక్షనో వచ్చినప్పుడు 200, 300 అని చూపించి మళ్లీ తగ్గిపోతుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు. 14,000 అలాంటిది కాదు, దీన్ని పట్టించుకోవాల్సిందే. అయితే ఆ అంకె కారణం చెప్పదు. మాత్రలు మానేసినా అది పెరుగుతుంది, వైరస్ మందుకు లొంగకపోయినా పెరుగుతుంది.

అందుకే పద్ధతి ఇలా ఉంటుంది. 1,000 దాటితే వెంటనే మందు మార్చరు. నెలనెలా పిలిచి గట్టిగా కౌన్సెలింగ్ చేస్తారు. మాత్రలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూస్తారు. అలా మూడు నెలలు వాడాక మళ్లీ పరీక్ష చేస్తారు. అప్పటికీ 1,000 పైనే ఉంటే, మాత్రలు నిజంగానే తప్పకుండా పడ్డాయని తేలితే, కేసు రాష్ట్ర స్థాయి నిపుణుల ప్యానెల్‌కు వెళుతుంది. రెండో వరుస మందులు, అంటే మొదటివి పనిచేయనప్పుడు ఇచ్చేవి, వాళ్లు నిర్ణయిస్తారు. ఇంట్లోవాళ్లకు ఈ మూడు నెలలు వృథా అనిపిస్తుంది. "మందు పనిచేయట్లేదని రిపోర్టే చెబుతుంటే మళ్లీ అదే ఇస్తారేంటి" అని గొడవ పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. మార్చమని ఒత్తిడి చేయకండి. కారణం తెలుసుకోకుండా మందు మారిస్తే కొత్త డబ్బా కూడా పాత డబ్బా దారే పడుతుంది. పైగా చేతిలో ఉన్న వరుసలు తక్కువ. ఈ అబ్బాయి ఇంకా యాభై అరవై ఏళ్లు వాడాలి.

మందే చెడిపోయిందని నేను ఎందుకు అనుకోవడం లేదో చెబుతాను. మీ అబ్బాయి బరువు 30 కిలోలు దాటి ఉంటే ఇప్పుడు వాడుతున్నది బహుశా టీఎల్‌డీ అయి ఉంటుంది. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన ఒకే మాత్ర, రోజుకు ఒకసారి. డబ్బా మీద చూడండి. ఇందులో డోలుటెగ్రావిర్ మొండి మందు. దానికి ఎదురు తిరగడం వైరస్‌కు అంత తేలిక కాదు. పిల్లల్లో, కౌమారంలో ఉన్నవాళ్లలో దీన్ని పరీక్షించిన ఒడిస్సీ అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. 707 మందిని రెండు గుంపులు చేసి 96 వారాలు చూశారు. పాత రకం మందులు వాడినవాళ్లలో 22 శాతం మందికి చికిత్స విఫలమైతే, డోలుటెగ్రావిర్ వాడినవాళ్లలో అది 14 శాతం.

అలాగని అసాధ్యం అనను. ఈ మందు వాడుతూ కూడా వైరల్ లోడ్ ఎక్కువగా ఉన్నవాళ్లలో 3.9 నుంచి 8.6 శాతం వరకు దానికి నిరోధకత (వైరస్ మందుకు లొంగకపోవడం) కనబడిందని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మీవాడు చిన్నప్పుడు నెవిరపిన్ లాంటి పాత మందులు వాడే ఉంటాడు, అప్పటి నిరోధకత కొంత మిగిలి ఉండొచ్చు కూడా. కాబట్టి "వాడే మానేశాడు" అని ఇంట్లో తీర్పు చెప్పేయొద్దు. ఎక్కువ అవకాశం అటు ఉంది, అంతవరకే.

ఇక ఈ వయసు పిల్లలందరికీ ఇలాగే అవుతుందా అంటే, అందరికీ కాదు గానీ ఇబ్బంది పడే వయసు మాత్రం ఇదే. ఇది మన తిరుపతిలోనో మన దేశంలోనో కాదు, లోకమంతా ఉన్న సంగతి. 2005 నుంచి 2012 మధ్య ప్రపంచంలో హెచ్ఐవీ మరణాలు మొత్తం మీద 30 శాతం తగ్గితే, 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో మాత్రం 50 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది. ఆ తర్వాత మందులు మెరుగయ్యాయి, పరీక్షలు మెరుగయ్యాయి, 2018 నుంచి మన దగ్గర ఏఆర్‌టీలో ఉన్న అందరికీ వైరల్ లోడ్ పరీక్ష ఉచితంగా చేస్తున్నారు. అయినా పెద్దవాళ్లతోనూ చిన్నపిల్లలతోనూ పోలిస్తే వైరస్ అదుపులో ఉండేవాళ్లు ఈ వయసులోనే తక్కువ.

ఎందుకంటే చూడండి. ఐదేళ్ల పిల్లాడికి అవ్వ నోట్లో పోస్తుంది. ఎనిమిదేళ్లవాడికి ఎదురుగా నిలబడి మింగిస్తుంది. పన్నెండు, పదమూడు వచ్చేసరికి "పెద్దోడివయ్యావు, నువ్వే వేసుకో" అని డబ్బా చేతికిచ్చేస్తారు. బాధ్యత ఇచ్చారు, కారణం మాత్రం ఇవ్వలేదు. ఏ నొప్పీ లేదు, ఏ జ్వరమూ లేదు, ఎందుకు వేసుకోవాలో తెలియదు, ఎన్నాళ్లు వేసుకోవాలో తెలియదు. తోటివాళ్లు ఎవరూ వేసుకోవడం లేదు. అడిగితే "రక్తం తక్కువ", "ఊపిరితిత్తుల్లో నెమ్ము", "బలానికి" అని రోజుకో మాట. ఒక వారం మానేసి చూస్తాడు, ఏమీ కాదు. ఇంకో వారం మానేస్తాడు, ఏమీ కాదు. మానేస్తే ఏమీ కాదని వాడికి వాడే రుజువు చేసుకుంటాడు. మీరైనా నేనైనా ఆ వయసులో అంతే చేసేవాళ్లం.

మరి రోజూ వేసుకుంటున్నానని ఎందుకంటాడు? మీరు బాధపడతారని. డబ్బాలో మాత్రల లెక్క కూడా సరిపోవచ్చు. పరుపు కింద, గోడ అవతల, బాత్రూంలో పోయిన మాత్రలు లెక్కలో వేసుకున్నట్టే కనబడతాయి. మా సెంటర్‌లో ఒక మాట ఉండేది: డబ్బా అబద్ధం చెప్పొచ్చు, రక్తం చెప్పదు. ఈ మాట పిల్లల ముందు అనకండి, వాళ్లను దొంగలను చేసినట్టు ఉంటుంది. సీఐడీ పని మొదలుపెడితే దాచే తెలివి పెరుగుతుంది తప్ప మాత్ర లోపలికి పోదు.

ఇప్పుడు పేరు చెప్పడం గురించి. చిన్న వయసులోనే, బడికెళ్లే ఈడులోనే, 6 నుంచి 12 ఏళ్ల మధ్య అర్థమయ్యేంత మేరకు కొంచెం కొంచెంగా చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే సూచించింది. మీవాడికి పదిహేను. ఇంకా ఆలస్యం చేయొద్దు.

ఇంకో సంగతి చెబుతాను, కంగారు పడకండి. వాడికి తెలిసే ఉంటుంది. డబ్బా మీద మందు పేరు ఉంది, వాడి చేతిలో ఫోన్ ఉంది. సెంటర్ గోడల మీద పోస్టర్లు ఉన్నాయి. పదో తరగతి పిల్లాడికి అవి చదవడం రాదా? "మావాడికి ఏమీ తెలియదు సార్" అని తల్లిదండ్రులు డాక్టర్‌తో చెప్పిన పూటే, పిల్లల్ని ఒంటరిగా కూర్చోబెట్టి "ఈ మాత్రలు దేనికనుకుంటున్నావు" అంటే నేల చూస్తూ పేరు చెప్పేసినవాళ్లు ఎందరో. వాళ్లకు తెలుసని ఇంట్లో తెలియకూడదని వాళ్ల తాపత్రయం, వాళ్లకు తెలియకూడదని ఇంట్లోవాళ్ల తాపత్రయం. ఈ రెండిటి మధ్య మాత్ర గురించి మాట్లాడే మనిషే ఉండడు. వాడు ఏ యూట్యూబ్ వీడియోలో ఏం చూసి ఏం నమ్మాడో కూడా మీకు తెలియదు. ఇరవై ఏళ్ల కిందటి ఎయిడ్స్ భయాలన్నీ ఇంకా అక్కడే తిరుగుతున్నాయి.

ఎలా చెప్పాలి అంటే, మీరొక్కరే ఇంట్లో చెప్పడం కష్టమనిపిస్తే సెంటర్ కౌన్సిలర్ సాయం తీసుకోండి. వాళ్ల పనే అది. ముందు రోజు ఫోన్ చేసి "ఈసారి అబ్బాయికి చెప్పాలనుకుంటున్నాం, కొంచెం టైం కావాలి" అనండి. రద్దీ రోజున మందుల క్యూ మధ్యలో అది కుదరదు. మాటలు మాత్రం మీ నోటి నుంచే రావాలని నా అభిప్రాయం, కౌన్సిలర్ పక్కన ఉంటే చాలు. తెల్లకోటు మనిషి చెబితే అది రోగం, పెంచిన చిన్నమ్మ చెబితే అది ఇంటి విషయం. పెద్ద ఉపన్యాసం వద్దు. ఇలా చెప్పొచ్చు:

"నాయనా, నువ్వు వేసుకునే మాత్ర హెచ్ఐవీకి. ఆ వైరస్ పుట్టినప్పుడే అమ్మ దగ్గర నుంచి నీకు వచ్చింది. అందులో నీ తప్పు లేదు, అమ్మకు అప్పట్లో మందు అందలేదు, ఆమె తప్పూ లేదు. నీకు మందు ఉంది. వేసుకుంటే వైరస్ పడుకుంటుంది, నీ జీవితం అందరిలాంటిదే. ఇన్నాళ్లు చెప్పకపోవడానికి భయపడింది మేము. ఇకమీదట నువ్వు ఏం అడిగినా నిజమే చెబుతాను."

తర్వాత నోరు మూసుకుని కూర్చోండి. ఏడవొచ్చు, కోప్పడొచ్చు, ఏమీ అనకుండా లేచి వెళ్లిపోవచ్చు. కొందరు "నాకు తెలుసులే చిన్నమ్మా" అంటారు. రెండు మూడు వారాలు వాడి నిద్ర, తిండి, స్నేహితులు గమనించండి. మనసు బాగా కుంగినట్టు, బతకడం ఎందుకన్నట్టు మాట్లాడితే మర్నాటికి వాయిదా వేయకుండా కౌన్సిలర్‌కు చెప్పండి. చాలామంది పిల్లలు అమ్మా నాన్న ఎలా పోయారని అడుగుతారు. దానికి జవాబు ముందే ఆలోచించుకోండి. బావగారి నడవడి గురించి ఊళ్లో ఏమనుకున్నారో అదంతా ఆ రోజు తవ్వక్కర్లేదు.

చెప్పగానే వైరల్ లోడ్ దిగిపోతుందా? అలా అయితే మా పని ఎప్పుడో అయిపోయేది. చెప్పడం తలుపు తీయడం మాత్రమే, మాత్ర ఎక్కడ ఆగుతోందో తర్వాత వెతకాలి. ఒక్కో ఇంట్లో ఒక్కోటి ఉంటుంది. నేను చూసినవి కొన్ని చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

శ్రీకాళహస్తి వైపు అమ్మాయి ఒకతె ఇంటర్‌కని హాస్టల్‌లో చేరింది. ఆరు నెలల్లో వైరల్ లోడ్ లక్ష దగ్గరికి వెళ్లింది. అప్పట్లో వాడే ఎఫావిరెంజ్ మందు రాత్రి పడుకునే ముందు వేసుకోవాలి, తల తిరిగినట్టు ఉంటుంది, విచిత్రమైన కలలు వస్తాయి. డార్మెటరీలో రాత్రి పూట పన్నెండు మంది ఎదురుగా డబ్బా తీయాలి. డబ్బా కదిలిస్తే గలగలమంటుంది కదా, "ఏంటే అది" అని అందరూ అడుగుతారు. ఆ చప్పుడుకు భయపడి మానేసింది, అంతే! ఇంకే కారణమూ లేదు. టీఎల్‌డీ వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది, పగలైనా రాత్రైనా ఏ పూటైనా వేసుకోవచ్చు. ఆమె పొద్దున స్నానానికి వెళ్లేటప్పుడు ఒక మాత్ర కాగితంలో చుట్టుకుని తీసుకెళ్లేది. డబ్బాలో కాస్త దూది కుక్కమని నేనే చెప్పాను. వైరస్ అదుపులోకి వచ్చింది, డిగ్రీ కూడా అయిపోయింది.

పీలేరు వైపు ఒక అబ్బాయి, అవ్వతో ఉండేవాడు. మాత్ర అవ్వే ఇచ్చేది, ఒక్క రోజు తప్పలేదు. అవ్వకు పక్షవాతం వచ్చాక ఆమెకు అన్నం పెట్టి, మందులిచ్చి, పక్క మార్చేది ఈ అబ్బాయే అయ్యాడు. అవ్వ మందులు ఒక్కటీ మర్చిపోలేదు, తనవి మర్చిపోయాడు. అక్కడ కౌన్సెలింగ్ చేసి లాభం ఏముంది? మేనమామను పిలిపించి ఇంటి పనిలో సాయం ఏర్పాటు చేయించాం. అవ్వ మాత్ర, వాడి మాత్ర ఒకే టైంకి పెట్టాం.

నిజంగానే మందు విఫలమైన అబ్బాయి కూడా ఉన్నాడు. టీఎల్‌డీకి ముందు మాట. నెవిరపిన్ మందులు, వాళ్ల నాన్న ఎదురుగా మింగేవాడు, ఒక్క రోజు తప్పలేదు. అయినా వైరల్ లోడ్ దిగలేదు. ప్యానెల్ రెండో వరుస మందు అటాజనావిర్ ఇచ్చింది. దాంతో వైరస్ దిగింది గానీ కళ్లు పసుపు పచ్చగా మారాయి. ఆ మందుతో బిలిరుబిన్ పెరిగి అలా అవుతుంది, కాలేయానికి దానివల్ల హాని లేదు. కానీ పదహారేళ్లవాడికి అది ఎలా చెబుతాం? క్లాసులో "ఏరా, పచ్చకామెర్లా" అని రోజూ అడుగుతుంటే బడే మానేస్తానన్నాడు. డాక్టర్‌తో మాట్లాడి మందు మార్పించాల్సి వచ్చింది. దుష్ప్రభావం పెద్దవాళ్లకు చిన్నదిగా కనబడ్డా ఆ వయసులో అద్దం ముందు చాలా పెద్దది. మీవాడికి నిద్ర పట్టడం లేదా, లావవుతున్నానని అనుకుంటున్నాడా, అడగండి. డోలుటెగ్రావిర్‌తో రెండూ కొందరికి ఉంటాయి. నిద్ర సమస్యైతే మాత్ర పొద్దుటికి మార్చుకుంటే సరిపోతుంది.

దక్కనివాళ్లూ ఉన్నారు. ఏడాదికి పైగా పూర్తిగా మానేసి, సీడీ4 (జబ్బులతో పోరాడే రక్తకణాల లెక్క) బాగా పడిపోయి, మెదడుకు టీబీ ఎక్కాక ఆసుపత్రికి వచ్చిన పదిహేడేళ్ల అబ్బాయిని కాపాడలేకపోయారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, వైరల్ లోడ్ పెరిగిన ఈ మూడు నెలల్లో దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వదలని తలనొప్పి ఉంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. సీడీ4 పరీక్ష చేశారా అని అడగండి. టీబీ తేలి రిఫాంపిసిన్ అనే టీబీ మందు మొదలుపెడితే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. టీబీ వాళ్లకు ఏఆర్‌టీ సంగతి, ఏఆర్‌టీ వాళ్లకు టీబీ సంగతి మీరే చెప్పాలి, రెండు పుస్తకాలూ చూపించాలి.

రోజువారీ విషయాలు కొన్ని. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వదు. కాల్షియం మాత్రలు, ఎసిడిటీ మందులు కూడా అంతే. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలి. పొద్దున ఆరింటికో, రాత్రి పడుకునేటప్పుడో పెట్టుకుంటే ఈ లెక్కే అక్కర్లేదు. మామూలు తిండికి పట్టింపు లేదు, రాగి సంగటి తిన్నా, పాలు తాగినా, ఏమీ తినకపోయినా వేసుకోవచ్చు. అయ్యప్ప మాల వేసుకుని ఒంటిపూట భోజనం చేసే పిల్లలు మాత్ర ఆపేస్తుంటారు, ఆ అవసరమే లేదు. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, మర్నాటి మాత్ర టైం దగ్గరపడితే ఆ ఒక్కటి వేసుకుంటే చాలు, రెండు కలిపి వద్దు. గంగ జాతరకనీ పెళ్లిళ్లకనీ నాలుగు రోజులు ఊరెళ్లేటప్పుడే ఎక్కువ తప్పుతాయి. జేబులో పట్టే చిన్న డబ్బీలో వారానికి సరిపడా వేసి వాడికే ఇవ్వండి, మిగతావి అసలు డబ్బాలోనే మూత బిగించి ఉంచండి.

నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది ఇంకోటి ఉంది: అదే జబ్బుతో, అదే వయసు దాటి వచ్చిన ఇంకో కుర్రాడితో మాట్లాడించడం. మేం పది గంటలు చెప్పినా ఎక్కనిది వాడు టీ తాగుతూ రెండు ముక్కల్లో ఎక్కిస్తాడు. జింబాబ్వేలో జ్వాందిరి అనే కార్యక్రమం ఇలా పాజిటివ్ యువకులతోనే 13 నుంచి 19 ఏళ్ల వాళ్లకు తోడు ఇప్పించింది. 96 వారాల తర్వాత వైరల్ లోడ్ 1,000 దాటినవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి మామూలు సేవల్లో 36 శాతం ఉంటే, తోడు ఉన్న చోట 25 శాతం. మీ సెంటర్‌లో యువకుల బృందం ఉందా అని అడగండి. లేకపోయినా, బాగా వాడుతున్న డిగ్రీ కుర్రాడు ఒకడు ఉంటాడు, అతను ఒప్పుకుంటే కౌన్సిలర్ కలిపించగలరు. మన రాష్ట్రంలో 2021 అంచనా ప్రకారం పెద్దవాళ్లలో హెచ్ఐవీ 0.67 శాతం, దేశం మొత్తానికి అది 0.21. ఇలాంటి ఇల్లు ఈ చుట్టుపక్కల మీదొక్కటే అయ్యే అవకాశమే లేదు.

వేలూరు సంగతి. సీఎంసీ మంచి ఆసుపత్రి, మన చిత్తూరోళ్లకు ఏ జబ్బొచ్చినా ముందు గుర్తొచ్చేది అదే. కానీ అక్కడికి వెళ్లినా మొదట అడిగేది "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడా" అనే. తిరుపతి రుయా ఆసుపత్రిలో, చిత్తూరు జిల్లా ఆసుపత్రిలో ఏఆర్‌టీ సెంటర్లు ఉన్నాయి, మందులూ పరీక్షలూ ఉచితం. రెండో అభిప్రాయం కావాలనుకుంటే వెళ్లండి, గ్రీన్ బుక్కు (ఏఆర్‌టీ సెంటర్ ఇచ్చిన చికిత్స పుస్తకం), పాత రిపోర్టులు తీసుకెళ్లండి. ఇక్కడ మందులు ఆపి మాత్రం వెళ్లకండి. హెచ్ఐవీని పూర్తిగా తగ్గిస్తామని పొడులు, లేహ్యాలు అమ్మేవాళ్ల దగ్గరికి అసలే వెళ్లొద్దు.

భవిష్యత్తు గురించి అడిగారు. వైరస్ అదుపులో ఉంటే ఆయుష్షు మామూలు మనుషులకు దగ్గరగానే ఉంటుంది. పుట్టుకతో వచ్చిన పిల్లలు కొందరు ఎత్తు తక్కువగా ఉంటారు, మీసాలు రావడం, గొంతు మారడం ఆలస్యం కావొచ్చు, అది చూసి వాడు లోలోపల కుమిలిపోతుంటాడు, ఆలస్యమే గానీ ఆగిపోదని చెప్పండి. పెళ్లి విషయానికొస్తే, మందులతో వైరస్ కనబడని స్థాయిలో ఉన్నవాళ్ల నుంచి కలయిక ద్వారా భాగస్వామికి సోకదు. దంపతుల మీద ఏళ్ల తరబడి జరిగిన పార్ట్‌నర్ అధ్యయనాల్లో అలా సోకిన కేసు ఒక్కటీ దొరకలేదు. ఈ ముక్క పదిహేనేళ్ల వాడికి ఇప్పుడే చెప్పాలి. తనకు పెళ్లి ఉండదనుకుని మాత్ర మానేసిన పిల్లలు ఉన్నారు. అబ్బాయితో ఇలాంటివి మాట్లాడటం మీకు ఇబ్బందైతే మగ కౌన్సిలర్‌ని అడగండి.

బడిలో చెప్పాల్సిన పని లేదు. 2017 హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. చదువులో వివక్ష చూపకూడదు, సీటు ఇవ్వడానికి హెచ్ఐవీ పరీక్ష అడగకూడదు, అనుమతి లేకుండా విషయం బయటపెట్టకూడదు. ఇంటర్‌కి హాస్టల్‌లో వేస్తారేమో, ఆ ఆలోచన ఉంటే రెండో వైరల్ లోడ్ రిపోర్ట్ వచ్చాకే నిర్ణయించుకోండి. ఈ ఒక్క సంవత్సరం ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ అయితే నాకు నచ్చుతుంది.

ఈసారి సెంటర్‌కు వెళ్లినప్పుడు కౌన్సిలర్ గదిలోకి ముందు వాడిని ఒక్కడినే పంపండి, మీరు బయట కూర్చోండి. మధ్యలో ఏదైనా అనుమానం వస్తే 1097కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. మూడు నెలల తర్వాతి పరీక్ష పదో తరగతి పరీక్షల దగ్గర పడుతుందేమో చూసుకోండి. అలా పడితే వాయిదా వేయకండి, హాల్ టికెట్ పనులన్నీ ముందే కానిచ్చుకుని పని దినం ఒకటి ఖాళీ పెట్టుకోండి. వైరల్ లోడ్‌కు పరగడుపున ఉండక్కర్లేదు, టిఫిన్ తినిపించే తీసుకురండి.